ఎత్తయిన ప్రాంతాల్లో డయాలసిస్ రోగులు: రక్తంలో ఆమ్ల-క్షార సమతుల్యత

డయాలసిస్‌పై ఆధారపడిన రోగి రక్తంలో బైకార్బొనేట్ తక్కువగా కనిపిస్తే, రక్తంలో ఆమ్లత్వం పెరిగినట్లు పరిగణించి చికిత్స చేయడం మైదాన ప్రాంతాల్లో సర్వసాధారణం. ఇదే విధానాన్ని లడఖ్‌లోని లేహ్ వంటి ఎత్తయిన పట్టణాలలో యథాతథంగా అనుసరిస్తే రోగికి హాని కలిగే అవకాశం ఉన్నది.

లేహ్ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి వాతావరణ పీడనం సముద్ర తీరంలోని పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే. ప్రాణవాయువు చాలక శ్వాసవేగం పెరుగుతుంది. దానితో కార్బన్ డయాక్సైడ్ అధికంగా బయటికి పోతుంది. మైదానంలో 40 మిల్లీమీటర్లుగా ఉండే దాని పీడనం ధమని రక్తంలో 30 దరిదాపులకు దిగి, రక్తం క్షారత్వం వైపు మొగ్గుతుంది. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు కొద్ది రోజులలో అదనపు బైకార్బొనేట్‌ను విసర్జించి ఈ మార్పును చాలావరకు సరిదిద్దుతాయి. డయాలసిస్ రోగికి ఆ వెసులుబాటు లేదు. అతని రక్తంలోని బైకార్బొనేట్ ప్రధానంగా డయాలసిస్ ద్రవంపైనే ఆధారపడి ఉంటుంది.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోల్స్ ఉన్నప్పుడు మైదానంలో రక్తపు పి.హెచ్. 7.40; కార్బన్ డయాక్సైడ్ పీడనం 30కి తగ్గితే అదే 7.53. డయాలసిస్ ముగిసేసరికి బైకార్బొనేట్ 28కి చేరితే పి.హెచ్. 7.59 అవుతుంది. ఈ స్థితిలో రక్తంలోని అయాన్ రూప కాల్షియం, పొటాషియం తగ్గి కండరాలు పట్టివేయడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాలు పొంచి ఉంటాయి. మరోవైపు, మైదానంలో ఆందోళన కలిగించే 18 మిల్లీమోల్స్ బైకార్బొనేట్ ఆ ఎత్తులో 7.40 పి.హెచ్.కు సరిపోతుంది.

డయాలసిస్‌కు ముందు బైకార్బొనేట్ కనీసం 22 ఉండాలని అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2000 సంవత్సరపు మార్గదర్శకాలు సూచించాయి. ఈ ఒక్క సంఖ్యనే పర్వత ప్రాంత రోగులకు ప్రమాణంగా తీసుకోవడం సరికాదు. ధమని రక్త వాయువుల పరీక్షలో పి.హెచ్.ను, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా చూసిన తరువాతే డయాలసిస్ ద్రవంలో బైకార్బొనేట్ మోతాదును నిర్ణయించవలసి ఉంటుంది. నేటి యంత్రాలలో అనేకం ఈ మోతాదును రోగికి తగినట్లు మార్చుకునే వీలు కల్పిస్తున్నాయి.

కేదార్‌నాథ్, అమర్‌నాథ్ ఆలయాలు కూడా 3,500 మీటర్లకు పైబడిన ఎత్తులోనే ఉన్నాయి. ఎత్తు ప్రాంతపు అస్వస్థతకు యాత్రికులు వాడే అసిటజోలమైడ్ మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను వెలుపలికి పంపే మందు. మూత్రపిండాలు పనిచేయని వారిలో ఆ ప్రయోజనం సిద్ధించదు, పైగా మందు శరీరంలోనే పేరుకుపోతుంది. కనుక డయాలసిస్ రోగులు దీనిని సొంతంగా వాడరాదు.