వార్తల్లో పదం: మహా సరస్సుల నీటి నాణ్యత ఒప్పందం

సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో. మంచురూపంలో ఉన్నది మినహాయిస్తే, భూమ్మీది ఉపరితల మంచినీటిలో దాదాపు అయిదో వంతు అమెరికా, కెనడాల్లోని ఈ అయిదు మహా సరస్సుల్లోనే ఉంది. షికాగో, డెట్రాయిట్, టొరంటోల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు తాగేదీ ఈ నీళ్లే. వీటిని కాపాడుకోవడానికి 1972 ఏప్రిల్ 15న ఒట్టావాలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, కెనడా ప్రధాని పియెర్ ట్రూడో సంతకాలు చేసిందే ఈ ఒప్పందం.

అప్పటికి ఈరీ పరిస్థితి ఘోరం. మురుగుతో, బట్టల సబ్బుపొడితో వచ్చి చేరే భాస్వరం నాచుకు ఎరువైంది. ఆ నాచు చచ్చి కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను హరించేది, చేపలకు ఊపిరాడేది కాదు. ఈరీలో కలిసే కయహోగా నది మీద తేలే నూనె తెట్టుకు 1969లో నిప్పే అంటుకుంది! ఒకవైపు ఒడ్డు బాగుపడితే చాలదని గ్రహించి రెండు దేశాలూ భాస్వరానికి పరిమితులు పెట్టుకున్నారు, మురుగు శుద్ధికి భారీగా ఖర్చు చేశారు. ఈరీ కోలుకుంది.

ఒప్పందానికి అసలు బలం దాని కాపలాదారు అని నా నమ్మకం. 1909 నాటి సరిహద్దు జలాల ఒడంబడికతో ఏర్పడిన అంతర్జాతీయ సంయుక్త కమిషనే ఆ కాపలాదారు. అందులో రెండు దేశాల నుంచీ ముగ్గురేసి సభ్యులుంటారు. ప్రభుత్వాలు మాట నిలబెట్టుకుంటున్నాయో లేదో అది బహిరంగంగానే చెబుతుంది. అమలు చేయించే అధికారం మాత్రం లేదు.

ఇప్పుడు పొలాల ఎరువులు కొట్టుకొచ్చి ఈరీలో నాచు మళ్లీ ముదురుతోంది. 2014 ఆగస్టులో దాని విషం వల్ల టొలీడో నగరంలో కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఈరీ పశ్చిమ, మధ్య భాగాలకు చేరే భాస్వరాన్ని 2008తో పోలిస్తే 40 శాతం తగ్గించాలని 2016లో రెండు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. ఫ్యాక్టరీ గొట్టాన్ని మూయించవచ్చు. వేల పొలాల మీదుగా పారే వాన నీటిని కట్టడి చేయాలంటే ప్రతి రైతూ కలిసి రావాలి.