కలము కదలనివేళ

తెలుగు తమిళములు కలగలిసి వినవచ్చు సత్యవేడువంటి సరిహద్దు పట్టణమున కథావస్తువులకు కొఱతలేకున్నను, వ్రాయ కూర్చున్న రచయితకు ఒక్కొక్కప్పుడు వాక్యము ముందునకు సాగదు. ఇది నేటి వ్యాధి కాదు. గజేంద్రమోక్షణ ఘట్టమున వైకుంఠవర్ణన సాగక పోతన గంటము విడిచి వెలికేగెననియు, మరలివచ్చునప్పటికి శ్రీరాముడే పద్యమును పూరించియుండెననియు జనశ్రుతి కలదు. అందలి దైవలీలను భక్తులకు విడిచినను, బలాత్కారమున పదములను పెకలింపక, లేచి నడచి, మనస్సును విశ్రమింపజేయవలెనను లౌకికోపాయము రచయితకు దక్కును.

ఆగినచోటనే పట్టుపట్టక, స్పష్టముగ తోచు వేఱొక సన్నివేశమును ముందుగ వ్రాయుట రెండవ ఉపాయము: 13వ శతాబ్దమున తిక్కన, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ముట్టక విరాటపర్వముతో భారతరచన నారంభించెను, ఆ శేషమును పిదప 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. తొలిప్రతి దోషభూయిష్ఠమైనను వెఱవరాదు. దిద్దుటకైనను వ్రాసినదేదో యుండవలెను గదా!