నెట్ కంపెనీ మార్చగానే సీసీ కెమెరా ఎందుకు ఆగిపోతుంది..? స్టాటిక్, డైనమిక్ ఐపీల అసలు కథ ఇదీ!

పాత నెట్ స్లో అయిందనో, బిల్లు ఎక్కువొస్తోందనో చాలామంది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మార్చేస్తుంటారు. కొత్త వైర్ వస్తుంది, కొత్త బాక్స్ గోడకెక్కుతుంది. టెక్నీషియన్ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించి, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోతాడు. హమ్మయ్య అనుకునేలోపే.. ఊళ్లో ఇంటి కెమెరా ఫోన్‌లో కనిపించదు. లేదంటే ఆఫీసు సర్వర్ లాగిన్ కానివ్వదు. స్పీడ్ చూస్తే మాత్రం 100 ఎంబీపీఎస్ వస్తూనే ఉంటుంది. మరి తేడా ఎక్కడ కొట్టినట్టు?

ఉదాహరణకు నరసరావుపేటలో ఓ ఇల్లు అనుకోండి. ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. నాన్నకు గుండె ఆపరేషన్ అయ్యాక డల్లాస్‌లో ఉన్న కొడుకు పట్టుబట్టి నాలుగు కెమెరాలు పెట్టించాడు. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. పడుకునే ముందు ఫోన్ తీసి, నాన్న వరండాలో కూర్చున్నాడా, అమ్మ వాకిట్లోకి వచ్చిందా అని ఒక్కసారి చూసుకోవడం అతనికి అలవాటు. ఓ రోజు స్క్రీన్ మీద 'డివైజ్ ఆఫ్‌లైన్' అని వచ్చింది. కంగారుగా ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కూల్‌గా చెప్పింది.. "నిన్ననే కొత్త నెట్ పెట్టించాంరా. బానే వస్తోందే, సీరియల్ కూడా ఎక్కడా ఆగట్లేదు" అని.

ఆమె చెప్పింది కరెక్టే. ఇంట్లోంచి బయటకు వెళ్లే దారి బాగానే ఉంది. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారే మూసుకుపోయింది.

సొంతిల్లు, అద్దిల్లు.. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి కనెక్షన్‌కీ ఓ అడ్రస్ ఉండాలి. అదే ఐపీ అడ్రస్. 203.0.113.25 లాగా నాలుగు ముక్కలుగా కనిపించే నంబర్ ఇది. యూట్యూబ్‌లో వీడియో నొక్కితే ఆ వీడియో తిరిగి మీ ఇంటికే రావాలంటే ఈ అడ్రస్ కావాల్సిందే.

మామూలు ఇళ్ల కనెక్షన్లకు కంపెనీలు ఇచ్చేది డైనమిక్ ఐపీ. అంటే అద్దె ఇల్లు లాంటిది. కంపెనీ దగ్గరున్న నంబర్లలో ఖాళీగా ఉన్నదేదో ఇస్తుంది. కరెంటు పోయి వచ్చినా, రూటర్ ఆపి ఆన్ చేసినా అది మారొచ్చు.. మారకపోనూ వచ్చు. స్టాటిక్ ఐపీ అయితే అలా కాదు. రూటర్‌ని ఎన్నిసార్లు ఆపినా అదే నంబర్ ఉంటుంది. సొంతింటి డోర్ నంబర్ అన్నమాట.

అయితే ఈ పోలికలో ఓ కిటుకుంది. స్టాటిక్ ఐపీకి నెలనెలా డబ్బులు కట్టినా అది కస్టమర్ ఆస్తి కాదు, ఆ కంపెనీది. మొబైల్ నంబర్‌ని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తీసుకెళ్లే సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. ఐపీ అడ్రస్‌కి అలాంటి పోర్టింగ్ లేదు. కంపెనీ మారిన రోజే పాత నంబర్ పోతుంది. కెమెరా యాప్‌లో, ఆఫీసు సర్వర్‌లో, అకౌంటెంట్ దగ్గర.. ఆ నంబర్ ఎక్కడెక్కడ రాసి ఉందో అక్కడల్లా మార్చుకోవాల్సిందే.

ఇక మూడో రకం ఒకటుంది. అసలు తలనొప్పి దానితోనే. దాని పేరు సీజీ-నాట్. ఇందులో ఇంటికి సొంత పబ్లిక్ అడ్రస్ అంటూ ఉండదు. వందల ఇళ్లకు కలిపి కంపెనీ ఒకే అడ్రస్ వాడుతుంది. ఓ పెద్ద అపార్ట్‌మెంట్‌ని ఊహించుకోండి. లోపలి ఫ్లాట్ల నంబర్లు బయటివాళ్లకు తెలియవు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే. ఫ్లాట్‌లోవాళ్లు బిర్యానీ ఆర్డర్ చేస్తే ఎవరు చేశారో అతను రాసుకుంటాడు, డెలివరీ రాగానే పైకి పంపిస్తాడు. కానీ ఎవరూ పిలవకుండా బయటి నుంచి ఓ చుట్టం వచ్చి "మావాళ్లింటికి వెళ్లాలి" అంటే? ఏ ఫ్లాటో తెలియదు కాబట్టి గేటు దగ్గరే ఆగిపోతాడు. డల్లాస్ నుంచి వచ్చే కెమెరా రిక్వెస్ట్ సరిగ్గా ఇలాగే ఆగిపోతుంది. సీరియల్‌కి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.. ఎందుకంటే దాన్ని అడిగింది ఇంట్లోవాళ్లే.

కంపెనీలు కావాలని చేస్తున్న మోసమేం కాదిది. మనం చూసే ఈ నాలుగు ముక్కల నంబర్లు ప్రపంచం మొత్తానికి కలిపి దాదాపు 429 కోట్లే. 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ ఖజానాలో ఉన్న ఆఖరి విడత కూడా పంచేశారు. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌లో రేషన్ మొదలుపెట్టింది. సరుకు అయిపోయింది, కనెక్షన్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ వాచ్‌మన్ పద్ధతి. దీనికోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే నంబర్లను ప్రత్యేకంగా పక్కన పెట్టారు. గూగుల్‌లో ఏదైనా వెతికితే అప్పుడప్పుడూ 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ బొమ్మలు చూపిస్తుంటుంది కదా.. ఒకే అడ్రస్ నుంచి వందలమంది వెళ్తుండటం కూడా దానికి ఓ కారణం.

ఐపీ వెర్షన్ 6 వచ్చింది కదా, అందులో నంబర్లకు కొదవేముంది అనొచ్చు. నిజమే. ఐపీ వెర్షన్ 6 వాడకంలో ప్రపంచంలోనే ముందున్న దేశాల్లో ఇండియా ఒకటి. కానీ కెమెరాల బాక్స్.. అదే డీవీఆర్ పాతదైతే దానికి ఆ భాష రాదు. ఫోన్ వైపు నెట్ కూడా అదే వెర్షన్ సపోర్ట్ చేయాలి. కాబట్టి ప్రస్తుతానికి పాత నంబర్లతోనే కాపురం.

మీ ఇంట్లో ఏది ఉందో ఇలా చూడండి

ఐదు నిమిషాల పని. ఇంటి వైఫైకి కనెక్టయి, ఫోన్ బ్రౌజర్‌లో రూటర్ పేజీ ఓపెన్ చేయాలి. సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1. పాస్‌వర్డ్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. అందులో స్టేటస్ అనే చోట 'వాన్ ఐపీ' అని కనిపిస్తుంది. దాన్ని నోట్ చేసుకుని, గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని కొట్టి అక్కడ వచ్చిన నంబర్‌తో పోల్చాలి. అక్షరాలు కలిసిన పొడవాటి నంబర్ వస్తే అది వెర్షన్ 6ది. దాన్ని వదిలేసి నాలుగు ముక్కలున్న నంబర్ చూపించే సైట్ చూడాలి.

రెండూ ఒకటే అయితే ఇంటికి సొంత పబ్లిక్ అడ్రస్ ఉన్నట్టే. రూటర్ ఆపి ఆన్ చేసినా, నాలుగు రోజులాగి చూసినా మారకపోతే అది స్టాటిక్ కావచ్చు.. బిల్లు మీద చూస్తే ఖాయమవుతుంది. రెండూ వేరువేరుగా ఉండి, రూటర్‌లో 100.64 - 100.127 మధ్యలోనో, 10తోనో మొదలైతే సీజీ-నాట్ అనుకోవచ్చు. 192.168తో మొదలైతే తొందరపడొద్దు. ఫైబర్ బాక్స్ వెనక మరో సొంత రూటర్ పెట్టుకున్న ఇళ్లలో అలా కనిపిస్తుంది. అప్పుడు చూడాల్సింది ఫైబర్ బాక్స్ పేజీ.

డీవీఆర్‌లో దాక్కున్న పాత నంబర్

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతుంటారు. కెమెరా రావట్లేదనగానే ఎవరో ఒకరు 'స్టాటిక్ ఐపీ తీసుకోండి' అంటారు. డబ్బులు కడతారు. అయినా రాదు. ఎందుకంటే స్టాటిక్ అనే మాట రెండు చోట్ల ఉంది. ఒకటి బయటి అడ్రస్. రెండోది ఇంట్లో రూటర్ తన కింద ఉన్న వస్తువులకు ఇచ్చే లోపలి నంబర్. కెమెరాలు బిగించినవాళ్లు చాలాసార్లు డీవీఆర్‌లో 192.168.1.100 అని చేత్తో టైప్ చేసి వదిలేస్తారు. పాత రూటర్ 192.168.1 వరుసలో ఉన్నంత కాలం ఏ గొడవా లేదు. కొత్త కంపెనీ రూటర్ 192.168.0 వరుసలోనో, జియో బాక్స్ అయితే 192.168.29 వరుసలోనో ఉంటుంది. డీవీఆర్ మాత్రం పాత వరుసలోనే కూర్చుని ఉంటుంది. కేబుల్ పెట్టే ఉంటుంది, లైట్ వెలుగుతూనే ఉంటుంది.. కానీ దానికి బయట ప్రపంచంతో సంబంధం తెగిపోయినట్టే.

నరసరావుపేట ఇంట్లో జరిగింది అదే అయితే పరిష్కారం ఫ్రీ. డీవీఆర్‌కి టీవీ, మౌస్ తగిలించి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేస్తే చాలు.. కొత్త రూటర్ ఇచ్చే నంబర్ అదే తీసుకుంటుంది. లేదంటే కొత్త రూటర్‌నే పాత వరుసకు మార్చొచ్చు. ఆ తర్వాత డీవీఆర్‌లో పీ2పీ లేదా క్లౌడ్ అనే ఆప్షన్ ఉందేమో చూడాలి. చాలా డీవీఆర్‌లలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, బాక్స్ మీది క్యూఆర్ కోడ్‌ని యాప్‌లో స్కాన్ చేస్తే సీజీ-నాట్ ఉన్నా కెమెరా కనిపిస్తుంది. ఎలాగంటే.. డీవీఆరే ముందుగా కంపెనీ సర్వర్‌కి ఫోన్ చేసి లైన్‌లో ఉంటుంది. అంటే ఆర్డర్ లోపలి నుంచే వెళ్లింది కాబట్టి వాచ్‌మన్ అడ్డు చెప్పడు. ఈమధ్య వస్తున్న వైఫై కెమెరాలన్నీ దాదాపు ఇలాగే పనిచేస్తాయి. వాటికి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు.

పబ్లిక్ ఐపీ ఉండి అది మారుతూ ఉంటే డీడీఎన్ఎస్ అనే సర్వీస్ సరిపోతుంది. నంబర్ మారినప్పుడల్లా ఓ పేరుకి దాన్ని జత చేస్తుంటుంది. అయితే సీజీ-నాట్ మీద ఇది పనిచేయదు.

మరి స్టాటిక్ ఐపీ ఎవరికి తప్పదు?

ఇంట్లోనో షాపులోనో సొంత సర్వర్ పెట్టుకుని బయటి నుంచి వాడేవాళ్లకు కావాలి. క్లయింట్ ఆఫీసు 'ఫలానా ఐపీ నుంచే లాగిన్ అవ్వాలి' అని షరతు పెడితే కావాలి. షేర్ మార్కెట్లో బ్రోకర్ ఏపీఐ ద్వారా ఆల్గో ట్రేడింగ్ చేసేవాళ్లు కూడా ఈమధ్య దీని గురించి వెతుకుతున్నారు. 2025 ఫిబ్రవరి 4 నాటి సెబీ సర్క్యులర్ ప్రకారం అలాంటి యాక్సెస్‌కి బ్రోకర్ దగ్గర నమోదైన స్టాటిక్ ఐపీ ఉండాలి. సినిమాలు చూసుకునే, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు నడిచే ఇంటికి మాత్రం ఇది దండగ ఖర్చే. స్టాటిక్ తీసుకుంటే స్పీడ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. స్పీడ్‌కీ దీనికీ సంబంధం లేదు. రేటు కంపెనీని బట్టి మారుతుంది, పైన 18 శాతం జీఎస్టీ అదనం. కొన్నిచోట్ల బిజినెస్ ప్లాన్ మీద మాత్రమే ఇస్తారు.

పబ్లిక్ ఐపీ తీసుకుని, కెమెరా కోసం రూటర్‌లో పోర్ట్ ఓపెన్ చేసేవాళ్లు ఓ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డీవీఆర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే ఇంటి తలుపు తీసిపెట్టి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లు, కెమెరాల్లోకే దూరింది. దాని దగ్గరున్నవి 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు, అంతే. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా చిక్కిన పరికరాలతో డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి ఓపెన్ కాలేదు.

మార్చే ముందు అడగాల్సినవి

కొత్త కంపెనీకి డబ్బులు కట్టక ముందే అడగాలి.. పబ్లిక్ ఐపీ ఇస్తారా, సీజీ-నాటా? స్టాటిక్ కావాలంటే ఈ ప్లాన్ మీద, ఈ ఏరియాలో వస్తుందా? "వచ్చేస్తుంది సార్, ఏం పర్లేదు" అనే మాట సరిపోదు. మెయిల్‌లోనో మెసేజ్‌లోనో రాయించుకోవడం మంచిది. ఆరు నెలలు, ఏడాది అడ్వాన్స్ కట్టేశాక ఐపీ లేదంటే చేసేదేమీ ఉండదు. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లకు కూడా నెలకు 3,300 జీబీ లాంటి పరిమితి ఉంటుంది. రాత్రింబగళ్లు కెమెరా వీడియో క్లౌడ్‌కి పంపేవాళ్లు అదీ చూసుకోవాలి.

పాత కనెక్షన్‌ని మాత్రం అదే రోజు తీయించేయొద్దు. కనీసం ఓ వారం రెండూ ఉంచాలి. ఈ వారంలో కెమెరాలు, ఆఫీసు లాగిన్, షాపులో బిల్లింగ్ అన్నీ కొత్తదాని మీద చెక్ చేసుకోవాలి. కెమెరాని చెక్ చేసేటప్పుడు ఫోన్ వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడాలి. ఇంట్లో వైఫై మీదే చూసి 'వస్తోంది' అనుకుంటే ఊరెళ్లాక తెలుస్తుంది అసలు సంగతి.

పెద్దవాళ్లున్న ఇంటికి ఇంకో చిట్కా. కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టమని టెక్నీషియన్‌కి చెప్పాలి. స్పెల్లింగ్, పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్నీ అచ్చంగా ఉండాలి. అప్పుడు టీవీ, ఫోన్లు, వైఫై కెమెరాలు వాటంతటవే కనెక్ట్ అవుతాయి. అమ్మానాన్నలకు అమెరికా నుంచి వీడియో కాల్‌లో పాస్‌వర్డ్ చెప్పే బాధ తప్పుతుంది.

పాత కనెక్షన్‌తో వచ్చిన ల్యాండ్‌లైన్ నంబర్ కూడా పోతుంది కాబట్టి బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో అదే ఇచ్చి ఉంటే ముందే మార్పించుకోవాలి. రద్దు చేయమన్నప్పుడు వచ్చే రిక్వెస్ట్ నంబర్ దాచుకోవాలి. బాక్స్, అడాప్టర్ తీసుకెళ్లినవాళ్ల దగ్గర రసీదు గానీ, కనీసం వాట్సాప్‌లో ఓ మెసేజ్ గానీ తీసుకోవాలి. డిపాజిట్ వెనక్కి రాకపోతే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో కంప్లయింట్ పెట్టి డాకెట్ నంబర్ తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. ట్రాయ్‌కి నేరుగా రాసినా ఒక్కొక్కరి ఫిర్యాదుని అది విచారించదు. అప్పిలేట్ అథారిటీ దగ్గర కూడా పని కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ అడిగేది ఆ డాకెట్ నంబర్, ఆ రసీదే.