ఎకరాకు 3,440 రూపాయలు: పంట నష్ట సాయం లెక్క ఇదీ

తుపాను తీరం దాటిన మర్నాడు నేతలు మునిగిన పొలాల గట్ల మీద నిలబడి ‘ప్రతి రైతునూ ఆదుకుంటాం’ అంటారు. ఆ మాటకూ, రైతు ఖాతాలో పడే సొమ్ముకూ మధ్య కేంద్ర హోం శాఖ ఖరారు చేసిన ఒక పట్టిక ఉంటుంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా ఇచ్చిన పట్టిక ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకైతే 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకు 22,500. ఎకరాల్లోకి మార్చుకుంటే మెట్ట పత్తికి సుమారు 3,440, కాలువ కింద వరికి 6,880. అదీ రెండు హెక్టార్లకు మించకుండా. పదెకరాల మెట్ట పత్తి పూర్తిగా కుళ్లిపోయినా నిబంధన ప్రకారం దక్కేది 17,000 రూపాయలే.

ఇంత తక్కువేమిటంటే, జవాబు పేరులోనే ఉంది. అందరూ నష్టపరిహారం అంటున్నా, ప్రభుత్వ కాగితాల్లో ఇది ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి రాయితీ. పోయిన పంటకు ఖరీదు కట్టివ్వడం దీని ఉద్దేశం కాదు, మళ్లీ విత్తుకోవడానికి కొంత ఆసరా ఇవ్వడమే. నష్టాన్ని పూడ్చాల్సింది పంటల బీమా. కానీ బీమాలో ఎక్కువగా గ్రామం లేదా మండలం సగటు దిగుబడి చూస్తారు, ఇన్‌పుట్ సబ్సిడీకి రైతు చేను చూస్తారు. అందుకే తక్కువైనా ఈ సొమ్ము కోసమే రైతు ఎదురుచూస్తాడు.

ఆ చేనులో కనీసం 33 శాతం పంట పోయి ఉండాలి. 2015 వరకు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. ఆ ఏడాది అకాల వర్షాలు, వడగళ్లకు ఉత్తరాదిలో గోధుమ దెబ్బతిన్నాక దాన్ని తగ్గించారు, రేట్లను ఒకటిన్నర రెట్లు పెంచారు. అయినా 30 శాతమా, 35 శాతమా అన్నది పొలం గట్టు మీద కంటితో చూసి తేల్చే మాటే.

ఈ ఖర్చు భరించే రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో చాలా రాష్ట్రాల విషయంలో కేంద్రం వాటా 75 శాతం. పట్టికను మించి ఇవ్వాలంటే రాష్ట్రం తన ఖజానా తెరవాల్సిందే. 2023 మార్చిలో వడగళ్లు పడినప్పుడు అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరాకు 10,000 ప్రకటించారు. 2025 వరదల తర్వాత పంజాబ్ ఎకరాకు 20,000 అంది. ఒకే రకం నష్టానికి రైతు ఏ రాష్ట్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి సాయం మూడు రెట్లు తేడా రావడం విడ్డూరమే.

అంతకంటే పెద్ద చిక్కు కౌలు రైతుది. నష్టం రాసేటప్పుడు రైతు ఎవరో చెప్పేది రికార్డు. ఆంధ్రప్రదేశ్‌లో పంట ఈ-క్రాప్‌లో కౌలుదారు పేరున నమోదు కావాలంటే సాగుదారు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం చేయాలి. భూమి మీద హక్కు పోదని ఆ చట్టమే చెబుతున్నా, సంతకానికి యజమానులు జంకుతారు. దాంతో నోటిమాట మీద కౌలు చేసేవారి పంట చాలాచోట్ల యజమాని పేరునే నమోదవుతుంది. అప్పు తెచ్చి ఎరువులు వేసింది ఒకరు, సొమ్ము పడేది మరొకరి ఖాతాలో. అది చేతికి రావాలంటే కౌలుదారు యజమానిని అడిగి పుచ్చుకోవాలి, లేదా వచ్చే ఏటి కౌలులో తగ్గించమని బతిమాలాలి.