మేనల్లుడి కారు లీజు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను మోగింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న మా అక్క కొడుకు. అక్కడ శనివారం సాయంత్రం. "మావయ్యా, కార్ల షోరూములో ఉన్నాం. ముందు మూడు వేలు కట్టి, నెలకి 559 డాలర్ల చొప్పున మూడేళ్ల లీజు అంటున్నారు. ట్యాక్సు వేరే. మంచి రేటేనా?" అన్నాడు.

"559 అన్న ఒక్క అంకె పట్టుకుని ఎవరూ ఏమీ చెప్పలేరురా. సంతకం పెట్టకు. లెక్క రాసిన కాగితం ఫొటో తీసి పంపు" అన్నాను. పంపాడు. దాన్ని ఎలా చదివామో ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బ్యాంకు పుస్తకం చదవగలిగినవాళ్లు ఎవరైనా దీనికి జవాబు వెతకగలరు.

లీజంటే కారు కొనడం కాదు. మూడేళ్లు వాడుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఆ మూడేళ్లలో కారు విలువ ఎంత తరుగుతుందో అది మనం కడతాం. కారు మీద లీజు కంపెనీ పెట్టిన డబ్బుకి వడ్డీ కడతాం. కిస్తీలో ఉండేవి ఈ రెండే, పన్ను వీటికి అదనం.

ఏ అంకె ఎవరి చేతిలో ఉందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. స్టిక్కరు మీది ధర కారు తయారుచేసిన కంపెనీది. గడువు తీరేనాటికి కారు విలువ ఇంత ఉంటుందని ముందే రాసుకునే రెసిడ్యువల్ లీజు కంపెనీది. డీలరుతో ఎంత బేరమాడినా అది కదలదు. ఎన్ని నెలలు, ఏడాదికి ఎన్ని మైళ్లు అన్నది మన ఇష్టం. డీలరు చేతిలో మిగిలేవి అమ్మకపు ధర, వడ్డీ రేటు, పైన తగిలించే అదనపు సామాను. లీజు న్యాయమైనదా కాదా అన్నది ఈ మూడింటి దగ్గరే తేలుతుంది.

ఈ అంకెల్లో చాలావాటిని చూపించక తప్పని చట్టం ఉంది. 1976లో వచ్చిన కన్స్యూమర్ లీజింగ్ యాక్ట్, దాన్ని అమలుచేసే రెగ్యులేషన్ ఎం ప్రకారం కిస్తీ ఎలా వచ్చిందో కాగితం మీద మెట్టుమెట్టుగా రాయాలి. కారు ధరా ఫీజులూ కలిసిన గ్రాస్ కేపిటలైజ్డ్ కాస్ట్, అందులోంచి ముందు కట్టిన సొమ్ము తీసేస్తే మిగిలేది, రెసిడ్యువల్, తరుగుదల, రెంట్ చార్జ్, చివరికి నెల కిస్తీ. మొదటి అంకెలో ఏమేం కలిపారో విడివిడిగా రాసివ్వమని సంతకానికి ముందు అడిగితే ఇచ్చి తీరాలి. అయితే అప్పు చేసి కారు కొంటే వడ్డీ శాతం చెప్పి తీరాలన్న నియమం లీజుకి లేదు. మొత్తం వడ్డీని రెంట్ చార్జ్ పేరుతో డాలర్లలో చూపిస్తే సరిపోతుంది. ఇది చట్టంలో ఉన్న పెద్ద లోటని నా అభిప్రాయం. ఆరు వేల డాలర్లని చూస్తే అది ఎక్కువో తక్కువో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

తెలుసుకునే దారి ఉంది. మావాడి కాగితమే చూడండి. స్టిక్కరు 40,000 డాలర్లు, అమ్మకపు ధర 39,000. లీజు కంపెనీ ఫీజు 700. పెయింట్ ప్రొటెక్షన్, అద్దాల మీద నంబరు చెక్కడం, టైర్లలో నైట్రోజన్, అన్నీ కలిపి 1,300. మొత్తం 41,000. ముందు కట్టే మూడు వేలు పోను 38,000. రెసిడ్యువల్ 24,000. మధ్య తేడా 14,000 తరుగుదల. 36 నెలలకి పంచితే నెలకి 388.89. రెంట్ చార్జ్ 6,138, అంటే నెలకి 170.50. రెండూ కలిపితే 559.39. కూడికలో తప్పు లేదు.

ఇప్పుడు వడ్డీ. 38,000, 24,000 కలిపితే 62,000. నెల రెంట్ చార్జ్ 170.50ని దీంతో భాగిస్తే 0.00275 వస్తుంది. అమెరికాలో దీన్నే మనీ ఫ్యాక్టర్ అంటారు. అక్కడివాళ్లు దీన్ని 2400తో గుణించి ఏడాది శాతంగా మార్చుకుంటారు. మనకి ఇంకా దగ్గరి దారి ఉంది. 200తో గుణించండి: 0.55. అంటే నూటికి నెలకి 55 పైసల వడ్డీ. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లకి ఇక వేరే వివరణ అక్కర్లేదు. 200 ఎందుకంటే, బాకీ 38,000 దగ్గర మొదలై 24,000 దగ్గర ఆగుతుంది. సగటు బాకీ ఆ రెండింటి మొత్తంలో సగం. వాళ్లు రేటు వేసింది పూర్తి మొత్తం మీద కాబట్టి అసలు రేటు దానికి రెట్టింపు. నూటికి ఎంతో తెలియాలంటే మళ్లీ వందతో గుణించాలి.

ఏడాదికి 6.6 శాతం. మావాడి క్రెడిట్ స్కోరు బాగుంది. ఆ స్కోరుకి లీజు కంపెనీ ఇచ్చే రేటు ఇంతేనా, లేక డీలరు పైన కొంత వేసుకున్నాడా? వేసుకోవచ్చు, ఆ పద్ధతి అక్కడ మామూలే. తెలుసుకోవడానికి మావాడు అదే కంపెనీ కార్లమ్మే మరో ఇద్దరు డీలర్లకి మెయిల్ రాశాడు. అదే మోడలు, 36 నెలలు, ఏడాదికి 12,000 మైళ్లు, ముందు కట్టేది సున్నా. అమ్మకపు ధర, మనీ ఫ్యాక్టర్, రెసిడ్యువల్, ఫీజులు రాతపూర్వకంగా చెప్పండి అని. కిస్తీ ఎంతని అడగలేదు.

ఒకరి దగ్గర్నుంచి జవాబు రాలేదు. రెండో డీలరు 37,500కి కారు, 0.00235 రేటు, అదే 24,000 రెసిడ్యువల్, అదే 700 ఫీజు, అదనపు సామాను ఏమీ లేదు అని రాశాడు. లెక్క వేస్తే నెలకి 540.61, ముందు పైసా కట్టకుండా. మొదటి లీజుకి మూడేళ్లలో అయ్యేది 23,138 డాలర్లు. రెండోదానికి 19,462. తేడా 3,676. ఇందులో కారు ధర దగ్గర 1,500, సామాను దగ్గర 1,300, మిగతా 876 వడ్డీ దగ్గర. కారు అదే, రంగు కూడా అదే.

ఆ మూడు వేల గురించి విడిగా చెప్పాలి. లీజు కారుకి ముందు పెద్ద మొత్తం కట్టకూడదన్నది నా గట్టి నమ్మకం. కారు షోరూము దాటిన నెలకే ప్రమాదంలో నుజ్జయిపోయిందనుకోండి. ఇన్సూరెన్సు డబ్బు కారు యజమాని అయిన లీజు కంపెనీకి పోతుంది. బాకీకీ బీమా సొమ్ముకీ మధ్య తేడా వస్తే గ్యాప్ కవరేజీ పూడుస్తుంది, చాలా లీజుల్లో అది కలిసే ఉంటుంది. మనం ముందు కట్టింది మాత్రం సాధారణంగా వెనక్కి రాదు. ముందు కట్టించడం వల్ల కిస్తీ చిన్నదిగా కనబడుతుంది, అంతే. అందుకే ఎవరి లీజునైనా పోల్చేటప్పుడు ముందు కట్టినదాన్ని నెలలతో భాగించి కిస్తీకి కలపాలి. మావాడి 559 అలా చూస్తే 643.

స్టిక్కరు ధరలో ఒక శాతానికి మించి కిస్తీ ఉండకూడదని కొందరంటారు. వడ్డీ రేట్లు పెరిగాక ఆ కొలత చాలా కార్లకి పనికిరాదు. "మా ఫ్రెండుకి మూడొందలకే వచ్చింది" అన్న పోలికా అంతే. 2022 చట్టం కింద ఎలక్ట్రిక్ కార్లకి 7,500 డాలర్ల పన్ను రాయితీ లీజు కంపెనీలకి అందేది. చాలామంది దాన్ని కిస్తీలో తగ్గించి ఇచ్చారు. అది 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆనాటి కిస్తీలు ఈనాటికి కొలమానం కావు.

పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాల్లో కట్టే కిస్తీల మీదే వేస్తారు. టెక్సస్‌లో మాత్రం లీజు కంపెనీ కారు పూర్తి ధర మీద 6.25 శాతం కడుతుంది, అది మామూలుగా మన లెక్కలోకే వస్తుంది. 37,500కి 2,344 డాలర్లు. మూడేళ్ల తర్వాత అదే కారు కొనుక్కుంటే ఆ ధర మీద మళ్లీ పన్ను. కారు ఎలాగూ ఉంచుకోవాలనుకునేవాళ్లు అక్కడ లీజు జోలికి పోకపోవడమే మంచిది.

ఇక మైళ్లు. ఫ్రిస్కో నుంచి డాలస్ నడిబొడ్డుకి దాదాపు 30 మైళ్లు. వారానికి ఐదు రోజులు ఆఫీసుకి వెళ్లొస్తే 300. యాభై వారాలకి 15,000. గుడి, కిరాణా, పిల్లల క్లాసులు ఇంకా కలపనే లేదు. మావాడి కాగితంలో 12,000 దాటితే మైలుకి 25 సెంట్లు అని ఉంది. ఒక్క ఆఫీసు ప్రయాణంతోనే మూడేళ్లకి 9,000 మైళ్లు ఎక్కువవుతాయి, 2,250 డాలర్లు. కిస్తీ తగ్గించడానికి మైళ్లు తగ్గించి రాసే అలవాటు ఉంది కాబట్టి ఇది తప్పక చూడాలి. ఆఫీసుకి ఎన్ని రోజులు వెళ్తున్నావని అడిగాను. రెండు రోజులన్నాడు. 12,000 చాలు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది డబ్బు లెక్క కాదు. వాడు హెచ్‌-1బి మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం విడవడానికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. లీజు 36 నెలలు. మధ్యలో తిరిగి ఇచ్చేస్తే వేల డాలర్లు కట్టాల్సి రావచ్చు. ఆ హెచ్చరిక కాగితం మీదే ఉంటుంది. కొన్ని కంపెనీలు లీజుని మరొకరి పేరుకి మార్చుకోనిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకుంటారో లేదో రాతలో చూపించమని అడగమన్నాను. ఒప్పుకుంటామని చూపించారు. అదే లేకపోతే కిస్తీ ఎంత తక్కువైనా వద్దనేవాణ్ని.

మావాడు రెండో డీలరు దగ్గర తీసుకున్నాడు. మొదటిచోట సంతకం అయిపోయి ఉంటే నేను ఈ లెక్కంతా వాడి ముందు పెట్టేవాణ్ని కాదు. మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు గానీ, ఫెడరల్ కూలింగ్ ఆఫ్ నియమం షోరూములో కుదుర్చుకున్న కారు ఒప్పందానికి వర్తించదు. అప్పుడు చేయగలిగేది రద్దు చేసుకోవడానికి వీలున్న సామానేదైనా ఉందేమో చూడటం, మైళ్లు దాటకుండా చూసుకోవడం. కాబట్టి మీ పిల్లలకి ఈ రోజే చెప్పండి: ఏ వేళైనా పర్వాలేదు, సంతకానికి ముందు ఆ కాగితం ఫొటో మీకు పంపమని.