‘స్పెషల్’ వెల్డింగ్ రాడ్డు నిజంగా స్పెషలేనా? ఎక్కువగా కొనే ముందు ఇలా పరీక్షించండి

ఎరువులు, పురుగుమందుల ఖర్చు తగ్గించుకున్నా, కల్టివేటర్ కర్రులు అరిగిపోయే ఖర్చు మనకి తప్పట్లేదు. "ఈ రాడ్డు పూస్తే నాలుగింతలు మన్నుతుంది", "ఏ ఇనుమైనా అతుకుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ధర కూడా మామూలు రాడ్డు కంటే చాలా ఎక్కువ. మరి నమ్మాలా, వద్దా?

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: గట్టిదనం వేరు, బలం వేరు. అరుగుదలని తట్టుకునే హార్డ్‌ఫేసింగ్ రాడ్డు గట్టిదే, కానీ పెళుసు. అది పైపూతకే పనికొస్తుంది. ట్రాలీ హుక్కు, డ్రాబార్ లాంటి బరువు లాగే అతుకులకి వాడితే ప్రమాదం.

1. పేరు కాదు, కోడ్ అడగండి

6013 అనేది మామూలు పనుల రాడ్డు. 7018 ఇంకా బలమైన అతుకుకి. దీన్ని చెమ్మ తగలకుండా ఉంచాలి. మొదటి రెండు అంకెలు లాగుడు బలం చెబుతాయి: 70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌండ్లు. "అన్ని స్టీళ్లకీ పనికొస్తుంది" అని అమ్మే రాడ్డు తరచుగా 312 రకం స్టెయిన్‌లెస్ రాడ్డే అయి ఉంటుంది. మంచిదే, కానీ అందులో రహస్యమేమీ లేదు. కోడ్ తెలిస్తే నాలుగు షాపుల్లో ధర పోల్చుకోవచ్చు. కోడ్ చెప్పకపోతే కొనకండి.

2. షాపులోనే రెండు పరీక్షలు

అతుకు రాడ్డుకి: రెండు పట్టీలని టీ ఆకారంలో పెట్టి ఒకవైపే వెల్డ్ చేయించండి. వైస్‌లో బిగించి, వెల్డ్ లేని వైపు నుంచి సుత్తితో కొట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. పట్టీ వంగినా అతుకు నిలిస్తే మంచిది. విరిగితే లోపల బొక్కలు, మడ్డి ఉన్నాయేమో చూడండి. పక్కనే 6013తో కూడా చేసి పోల్చండి.

పైపూత రాడ్డుకి: చల్లారాక ఆకురాయితో రుద్దండి. జారిపోతే గట్టిగా ఉన్నట్టు, సులువుగా కోస్తే కానట్టు. మొదటి పొరలో కింది ఇనుము కలుస్తుంది కాబట్టి రెండో పొర మీదే చూడాలి. క్రోమియం కార్బైడ్ పూతలో సన్నని అడ్డ పగుళ్లు మామూలే. పెచ్చులు లేస్తేనే తప్పు.

3. అసలు పరీక్ష పొలంలో

కల్టివేటర్‌కి ఎడమవైపు కర్రులకి కొత్త రాడ్డు, కుడివైపు వాటికి పాత రాడ్డు పూయండి. ప్రతి కర్రునీ తూకం వేసి రాసుకోండి. సగం పని అయ్యాక కుడి ఎడమలు మార్చండి, ఎందుకంటే టైరు వెనక నడిచే కర్రు ఎక్కువ అరుగుతుంది. చివర్లో మళ్లీ తూచండి.

రోటవేటర్ బ్లేడు మీద మాత్రం ప్రయోగాలు వద్దు. అది ముందే హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఇనుము. వెల్డింగ్ వేడికి దెబ్బతిని తెగి ఎగిరితే మనిషికే ముప్పు.

4. లెక్క ఎకరాకి వేయండి

రాడ్డు ఖర్చు, కూలి, కరెంటు కలిపి, దున్నిన ఎకరాలతో భాగించండి. మొత్తం ఖర్చు రెట్టింపై, మన్నిక ఒకటిన్నర రెట్లే పెరిగితే నష్టమే. రాళ్ల నేలలో వచ్చిన ఫలితం ఇసుక నేలలో రాదు. అందుకే పక్క ఊరి మాట మీద పెట్టె మొత్తం కొనకండి, పది రాడ్లతో మీ నేలలోనే చూసుకోండి.