శివారు చేలకు నీరు – శాసనము చెప్పునది, రైతు చేయవలసినది



"జలాశయము నిండినదని అందఱును చెప్పుచున్నారు. మా శివారు చేలకు మాత్రము నీరేల రాదు?" అను ప్రశ్నను ప్రతి సంవత్సరమును వినుచున్నాను. దీనికి ప్రత్యుత్తరము కొంత నదియందును, కొంత శాసనమునందును, అధికభాగము మన పిల్లకాలువ గట్టుమీదను కలదు. కృష్ణానది నుదాహరణముగా గైకొని ఈ సంగతిని వివరించెదను.

మన రాజ్యాంగము ప్రకారము నీటిపారుదల, కాలువలు, నీటినిల్వ అనునవి రాష్ట్రములు శాసనము చేయదగిన విషయములు. కాని పలు రాష్ట్రములగుండ ప్రవహించు నదిని గుఱించి తగవు పుట్టినచో, 1956వ సంవత్సరపు కేంద్ర శాసనము ననుసరించి ట్రిబ్యునలు దానిని తీర్చును. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు, కృష్ణలో నూటికి 75 సంవత్సరములు నమ్మదగిన నీరు 2,060 టి.యం.సి.లని నిర్ణయించి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచినది. పొలములనుండి మరల నదిలో చేరు నీటితోగూడ మన వంతు 811 అయినది. 2014లో రాష్ట్రము రెండుగా నేర్పడిన పిదప, 2015లో ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299 చొప్పున తాత్కాలికముగా నొక ఏర్పాటు జరిగినది.

ఈ లెక్క మన చేనికెట్లు సంబంధించును? టి.యం.సి. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. దానిని అడుగు లోతున నిలిపినచో సుమారు 23,000 ఎకరములపై నిలుచును. వరిపైరునకు నాట్లు మొదలు కోతవఱకు నాలుగైదు అడుగుల నీరు కావలయును. కావున కాలువలో ఇంకిపోవునది విడిచినను, ఒక్క టి.యం.సి.తో పండునది ఇంచుమించు 5,000 ఎకరములే. ఎగువ రైతు అవసరమునకు మించి తన మడిలో నిలిపిన ప్రతి అంగుళమును దిగువ రైతు వంతులోనిదే యని దీనివలన స్పష్టము.

నదిని ట్రిబ్యునలు పంచినది, కాలువను పంచువారెవరు? ఇందుకొఱకే ఆంధ్రప్రదేశ శాసనసభ 1997లో రైతులచే నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ శాసనమును చేసినది. దీని ప్రకారము నీటి వినియోగదారుల సంఘములును, పెద్ద ప్రాజెక్టులలో వానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీలును, ఆపైని ప్రాజెక్టు కమిటీయును ఉండవలయును. సంఘపు సరిహద్దు గ్రామమునుబట్టి గాక, నీరు పాఱు తీరునుబట్టి నిర్ణయింపబడును. తూములకు వంతులు నియమించుట, కాలువల మరమ్మతు, భూమిదారుల పట్టిక వ్రాయుట, తగవులు తీర్చుట, జమాఖర్చులను తనిఖీ చేయించుట సంఘము పనులు. ఆంధ్రప్రదేశములో 2024 డిసెంబరున ఈ సంఘములకు ఎన్నికలు జరిగినవి.

నేను ప్రదర్శన క్షేత్రములు వేయించిన యొక గ్రామమున సంఘము కాగితముపై నుండెను గాని సభ లేదు. ఎగువవారు గట్టునకు రెండుచోట్ల గండ్లు కొట్టి నీరు మళ్లించుకొనిరి. శివారున నారుమడులు ఎండినవి. అక్కడ సాగుచేయువారిలో పలువురు కౌలుదారులు. వారి పేర్లు పట్టికలో లేవు, కనుక వారి మాటకు విలువ లేకపోయెను. మఱుసటి ఏడు వారు పేర్లు వ్రాయించుకొని, పట్టుపట్టి సభ జరిపించిరి. గండ్లు పూడ్చి, వారమున కిన్ని దినములని వంతు కుదుర్చుకొనిరి. నీరు పుష్కలముగా వచ్చినదని చెప్పజాలను. పైరు మాత్రము ఎండలేదు.

కావున రైతులు ఈ క్రింది సంగతులను గమనింపవలయును.

1. మీ పేరు సంఘపు పట్టికలో నున్నదో లేదో చూచుకొనుడు. ఒకే భూమికి యజమానియు కౌలుదారుడును ఉన్నచో, రికార్డులో నమోదైన కౌలుదారునే శాసనము భూమిదారునిగా నెంచును. నోటిమాట కౌలు ఇక్కడ అక్కఱకు రాదు.

2. నీరు విడుచుటకు ముందే సభ జరిపించి, ఏ తూమునకు ఏ దినములో వ్రాయించి, అందఱకును కనబడుచోట అంటింపుడు.

3. మరమ్మతు పనుల జమాఖర్చులను సభలో చదివింపుడు.

4. పనిచేయని అధ్యక్షుని తొలగింపగోరినచో, ఆయన పదవి చేపట్టిన యేడాది గడచిన పిదప, ఓటుహక్కు గలవారిలో మూడవవంతు మంది వ్రాతమూలకముగా తెలుపవచ్చును.

5. గట్టునకు గండికొట్టుట శాసనరీత్యా నేరము. పొరుగువాడు చేసినను ఊరకుండరాదు.

మన పరపతి సంఘమున సభకు రానివాడు తన వాటా ధనమును ఇతరుల చేతికి విడిచినవాడని మీరెఱుగుదురు. నీటి సంఘమును అట్టిదే. శాసనము తూమువఱకు నీటిని తెచ్చును. తూమునుండి చివరి మడివఱకు తీసికొనిపోవునది రైతుల ఐకమత్యమే.